అంటించిన చివరి పేజీలు

ఆ ఆసుపత్రిలో దుప్పట్ల గది అన్నిటికంటే అడుగున ఉంటుంది. వార్డుల్లో మాసిన దుప్పట్లు కిందికొస్తాయి. ఉతికి, ఇస్త్రీ చేసి, మడతపెట్టినవి పైకెళ్తాయి. గంజి వాసన, బ్లీచింగ్ వాసన, వేడి ఆవిరి. ఏ కాలంలోనైనా అక్కడ చెమటే. మడతలు పెట్టే ఆవిడ అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. డాక్టరు దగ్గర్నుంచి గేటు దగ్గర కాపలావాడి దాకా అందరికీ ఆవిడ దుప్పట్లమ్మే.

మాసిన దుప్పటి దులిపితే ఏం రాలుతుందో చెప్పలేం. దువ్వెనలు, కళ్ళజోళ్ళు, ఒకసారైతే పై వరస కట్టుడు పళ్ళు. "ఆ పళ్ళాయన ఇంటికెళ్ళి ఏం నమిలాడో పాపం" అని దుప్పట్లమ్మ ఇప్పటికీ తలుచుకుని నవ్వుతుంది.

ఆమెకి చదువు ఆలస్యంగా వచ్చింది. మనవరాలు పిట్ట బడిలో చేరినప్పుడు, అది పలక మీద దిద్దుతుంటే పక్కన కూర్చుని తనూ దిద్దింది. ఒత్తులొచ్చిన చోట ఇద్దరూ ఆగిపోయి, ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వేవాళ్ళు. పిట్ట వాళ్ళమ్మ, అంటే దుప్పట్లమ్మ కూతురు, దూరాభారం వెళ్ళే బస్సులో కండక్టరు. ఇంట్లో ఆ ముగ్గురే. కూతురు బస్సెక్కిందంటే అమ్మమ్మా మనవరాలూ ఒకరికొకరు.

ఇప్పటికీ దుప్పట్లమ్మ అక్షరం కింద వేలు పెట్టి, పెదాలు కదుపుతూ, కూడబలుక్కుంటూ చదువుతుంది. అయినా ఊళ్ళో లైబ్రరీలో పుస్తకాల బృందం ఒకటుందని తెలియగానే వెళ్ళి కూర్చుంది. నెలకో పందెం వాళ్ళది. ఒక నెల ఎర్ర అట్ట ఉన్న పుస్తకం చదవాలి. ఇంకో నెల వంతెన ఉన్న కథ. నెలాఖరు ఆదివారం అందరూ కూర్చుని ఎవరేం చదివారో చెప్పుకోవాలి.

ఇందులో ఒక చిక్కొచ్చిపడింది. మందుల షాపాయన చివరి రెండు పేజీలు మాత్రం చదివేసి, పుస్తకమంతా చదివినట్టు దర్జాగా చెప్పేసేవాడు. అది పట్టుబడ్డాక లైబ్రరీ మాస్టారు ఓ పద్ధతి పెట్టారు. నెల మొదట్లో ఎవరి పుస్తకం వాళ్ళు తెచ్చి చూపించాలి. ఆయన చివరి పేజీలన్నీ కలిపి ఒక కాగితం పట్టీతో అంటించి ఇస్తారు. ఆదివారం అందరి ముందూ ఆ పట్టీ విప్పి, ముగింపు పైకి చదవాలి.

"నా ఒక్కడి మూలాన ఊరందరికీ శిక్షా మాస్టారూ?" అన్నాడు షాపాయన.

"మందు సీసాకి సీలు లేకపోతే మీరు ఊరుకుంటారా?" అన్నారు మాస్టారు జిగురు రాస్తూ.

ఆ నెల పందెం, ఎవరో సగంలో వదిలేసిన పుస్తకం. వాళ్ళు ఎక్కడ ఆపారో అక్కణ్ణుంచే మనం మొదలుపెట్టాలి.

దుప్పట్లమ్మకి వెతుక్కునే పనే లేకపోయింది. ఆడవాళ్ళ వార్డులో కిటికీ పక్క మంచం దుప్పట్లో ఒక పుస్తకం దొరికి, గదిలో అలమారాలో పడి ఉంది. అట్ట ఊడిపోయింది. సగానికి కాస్త అవతల ఒక పేజీ మూల మడిచి ఉంది. ఆ మంచం మీది ఆవిడ పోయింది. ఎక్కణ్ణుంచి వచ్చిందో, ఎవరి తాలూకో తెలీదు. పుస్తకం కోసమే కాదు, ఆవిడ కోసమే ఎవరూ రాలేదు.

"ఇంతకంటే సరైనది దొరకదమ్మా" అన్నారు మాస్టారు. చివరి పేజీలకి జిగురు దండిగా పట్టించి మరీ ఇచ్చారు.

*

అన్నాలయ్యాక ఇస్త్రీ మిషన్లు ఆపేస్తారు. ఆ కాసేపు దుప్పట్ల గది నిశ్శబ్దంగా ఉంటుంది. దుప్పట్లమ్మ మూటల మీద జారగిలబడి, మూల మడిచిన పేజీ తీసింది. కథలో ఒకావిడ. ఇల్లు లేదు. సంచీ పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతూ, ఒక రాత్రికి చోటిమ్మని అడుగుతూ ఉంటుంది. ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక సాకు.

"అయ్యో తల్లీ" అనుకుంటూ దుప్పట్లమ్మ వేలు జరిపింది.

ఎడం చెవి మీద చల్లగా ఏదో తగిలింది. ఊపిరిలా.

ఆ ఉక్కపోత గదిలో చల్లగాలి ఎక్కణ్ణుంచి వస్తుంది? చెవి రుద్దుకుని మళ్ళీ వేలు పెట్టింది. ఇంకా పేజీ మధ్యలో ఉంది. ఒత్తుల దగ్గర తడబడుతోంది.

"తిప్పు…"

గుసగుస. విసుగ్గా. తన కంటే ముందే పేజీ చదివేసి, కాసుకు కూర్చున్నవాళ్ళు అన్నట్టు.

వెనక్కి తిరిగింది. మూటలు. గోడ. ఎవరూ లేరు. ఆరని దుప్పటి ముక్కిన వాసన మాత్రం గుప్పుమంది.

పుస్తకం ఠక్కున మూసేసింది. ఆ నెలకి పందెమూ వద్దు, గిందెమూ వద్దనుకుంది. పుస్తకం తీసుకెళ్ళి అలమారాలో అట్టడుక్కి తోసేసింది.

అదే సాయంత్రం పిట్టకి జ్వరం వచ్చింది.

*

మామూలు జ్వరం కాదు. చెయ్యి వేస్తే కాలిపోతోంది. డాక్టరు పరీక్షలన్నీ చేయించి, "ఎందుకొస్తోందో అంతు చిక్కడంలేదమ్మా, ఇక్కడే ఉంచండి" అన్నాడు. పిల్లల వార్డు నిండిపోయింది. ఆడవాళ్ళ వార్డులో ఒక్క మంచమే ఖాళీ. కిటికీ పక్కది.

దుప్పట్లమ్మ నర్సుకి అడ్డం వెళ్ళింది. "సిస్టరమ్మా, ఆ మంచం వద్దు. కింద చాపేసుకుంటాం."

"నీకేమన్నా మతిపోయిందా దుప్పట్లమ్మా? ఇంత జ్వరంలో పిల్లని నేల మీద పడుకోబెడతావా?" అని నర్సు కసిరింది.

బయట వాన ఆగకుండా కురుస్తోంది. కూతురు ఫోనులో ఏడుస్తోంది. "అమ్మా, దారి తెగిపోయిందే. బస్సు కదలడంలేదు. దాన్ని చూసుకో అమ్మా… నీ కాళ్ళు పట్టుకుంటా, చూసుకో."

మర్నాటికి పిట్ట పెదాలు పగిలిపోయాయి. కళ్ళు లోతుకి పోయాయి. మందు లోపలికి పోతోంది, జ్వరం మాత్రం దిగిరావడంలేదు. పొద్దుగూకే వేళ అది కళ్ళు తెరిచింది. అమ్మమ్మ వంక కాదు, అమ్మమ్మ భుజం వెనక్కి చూసింది.

"అమ్మమ్మా… ఎందుకు ఆపేశావని అడుగుతోంది."

"ఎవరమ్మా?"

"నీ వెనకాల ఆవిడ."

దుప్పట్లమ్మ వెనక్కి చూడలేదు. మెట్లు దిగి పరిగెత్తింది. ఆ వయసులో ఆ పరుగు ఎలా పరిగెత్తిందో మరి. అలమారా మొత్తం కిందికి లాగి పారేసి, పుస్తకం పట్టుకుని పైకొచ్చింది. మంచం అంచున కూర్చుని వేలు పెట్టింది.

చదివింది. పైకి చదివింది. ఒక పేజీ అయ్యేసరికి పిట్ట నుదుట చెమట పట్టింది. చల్లబడుతోంది! ఆ సంతోషంలో మంచినీళ్ళ కోసం ఆగింది. గ్లాసు నోటి దాకా వచ్చేలోపలే పిల్ల ఒళ్ళు మళ్ళీ సెగలు కక్కింది.

ఇక ఆగలేదు. కరెంటు పోయింది. నర్సు కొవ్వొత్తి పెట్టి, "ఈ చీకట్లో ఆ చదువేంటమ్మా, కళ్ళు పోతాయి" అంది.

"పోనీ సిస్టరమ్మా. కళ్ళేగా" అంది దుప్పట్లమ్మ.

నోరు పిడచకట్టుకుపోయింది. అక్షరాలు అలుక్కుపోతున్నాయి. ఒత్తుల దగ్గర నాలుక మడతపడుతోంది. చెవి పక్కన ఊపిరి. తడి వాసన. ప్రతి పేజీ మధ్యలోనూ అదే మాట.

"తిప్పు…"

"తిప్పుతా తల్లీ, తిప్పుతా. నాకు నీ అంత చదువు రాదు. కాస్త ఓర్చుకో."

"తిప్పు…"

కథలో ఆవిడ ఇంకా నడుస్తూనే ఉంది. ఊరు దాటింది. ఏరు దాటింది. ఎవరూ చోటివ్వలేదు. పేజీలు పల్చబడుతున్నాయి. ఇంకొంచెం. ఇంకొంచెం చదివితే ముగింపు తెలుస్తుంది. తెలిస్తే ఈ చెవి పక్కన ఉన్నది పోతుంది. పోతే పిల్ల దక్కుతుంది…

వేలికి కాగితం పట్టీ తగిలింది.

గోరుతో లాగింది. రాలేదు. జిగురు వానగాలికి ఉబ్బి, పేజీలన్నీ ఒక్క అట్టలా అతుక్కుపోయాయి. గట్టిగా పీకింది. పట్టీతోపాటు పైపొర మొత్తం ఊడొచ్చింది. అక్షరాలు దానికీ దీనికీ సగం సగం అంటుకుని చిరిగిపోయాయి. మిగిలింది తెల్లటి పీచు.

ఫోను తీసి మాస్టారికి కొట్టింది.

"మాస్టారూ! నా పుస్తకం చివర ఏముంది?"

"నేనూ చదవలేదమ్మా. ఆదివారం అందరం కలిసి…"

"మనిషి ప్రాణం పోతున్నా ఆదివారమేనా మాస్టారూ! ఆవిడకి ఇల్లు దొరికిందా లేదా? అది చెప్పండి చాలు!"

"ఎవరికమ్మా? ఏమైంది? హలో…" లైను తెగిపోయింది.

"తిప్పు."

ఈసారి గుసగుస కాదు. కొవ్వొత్తి మంట వంగింది. పిట్ట వీపు విల్లులా పైకి లేచింది. కళ్ళు తెల్లగా తిరిగిపోయాయి.

"సిస్టరమ్మా!" అని అరిచింది. నడవాలో ఎవరూ పలకలేదు.

దుప్పట్లమ్మ వేలు ఆ చిరిగిన పీచు మీద పెట్టింది. అక్షరం లేని చోట, అక్షరం కింద వేలు జరిపినట్టే జరిపింది. కూడబలుక్కుంటూనే చదివింది.

"అ… అప్పుడు ఆవిడకి… ఒక ఇల్లు కనపడింది."

చెవి పక్కన ఊపిరి ఆగింది.

ఇంతసేపూ తన కంటే ముందు పరిగెత్తినది, ఇప్పుడు తన నోటి వంక చూస్తోంది. చదవడానికి దానికీ అక్షరాల్లేవు. వింటోంది.

ఎలాంటి ఇల్లో చెప్పాలి. దుప్పట్లమ్మకి తెలిసిన ఇల్లు ఒక్కటే. "పచ్చ రంగు తలుపు. గడప దగ్గర పెచ్చు ఊడింది… లోపల ఒక గది, చిన్న వంటిల్లు. కిటికీకి పాత చీర తెర." గొంతు బొంగురుపోయింది. ఆపలేదు. "ఆ ఇంట్లో ఒక చిన్న పిల్ల ఉంది. దానికి జ్వరం లేదు. ఏ జబ్బూ లేదు. ఒళ్ళు చల్లగా ఉంది. గలగలా నవ్వుతోంది. ఆ పిల్ల తలుపు తీసి, రా, లోపలికి రా అంది."

పిట్ట వీపు మంచం మీదికి వాలింది.

"ఆవిడ లోపలికెళ్ళింది. సంచీ కింద పెట్టింది. లోపల గడియ వేసుకుంది. ఇంక ఆవిణ్ణి ఎవరూ వెళ్ళమనలేదు. కథ… అయిపోయింది."

కిటికీ మీద వాన చప్పుడు. తర్వాత మంచం అంచున, తన పక్కనే, పరుపు కాస్త పైకి లేచింది. కూర్చున్న మనిషి లేచినప్పుడు లేచినట్టు.

తడి వాసన పోయింది.

పిట్ట నుదుటి మీద చెయ్యి వేసింది. చల్లగా ఉంది. మంచినీళ్ళ కుండ మీద చెయ్యి వేసినంత చల్లగా.

దుప్పట్లమ్మ ఆ చెయ్యి తన కళ్ళకద్దుకుని, బావురుమని ఏడ్చింది.

*

కూతురు వచ్చింది. డాక్టరు ఇంకో రెండ్రోజులు ఉంచి చూసి, "గట్టి పిల్లే" అని నవ్వి పంపించేశాడు. పిట్ట నవ్వలేదు. నీరసం కదా. ఇల్లు చేరేదాకా ఒక్క మాటా మాట్లాడలేదు. అదీ నీరసమే అనుకున్నారు.

మిట్టమధ్యాహ్నం. వాన వెలిసి ఎండ తెల్లగా కాస్తోంది. కూతురు మందులు కొనడానికి వీధి మొదట్లో ఆగింది. దుప్పట్లమ్మ పిట్ట చెయ్యి పట్టుకుని ఇంటి ముందుకొచ్చింది. ఇన్నాళ్ళూ ఇంట్లో ఎవరూ లేరు. తాళం వేసింది వేసినట్టే ఉంది.

తాళం తీసింది. తలుపు తోసింది.

రాలేదు.

వానకి చెక్క ఉబ్బిందేమోనని భుజంతో తోసింది. తలుపు కొంచెం కూడా కదల్లేదు. లోపల ఇనప గడియ కటకటమంది.

దుప్పట్లమ్మ వెనక్కి ఒక అడుగు వేసింది.

లోపల చిన్న చిన్న అడుగులు. పరిగెత్తుకుంటూ వచ్చి తలుపు అవతల ఆగాయి. తర్వాత, గలగలమనే ఆ గొంతు… ఏ గుంపులో ఉన్నా గుర్తుపట్టగల పిట్ట గొంతు…

"అమ్మమ్మా! వచ్చావా?"



తలుపు సందులోంచి గొంతు మెల్లగా, భయంగా అడిగింది.

"అమ్మమ్మా… నీ చెయ్యి పట్టుకున్నది ఎవరు?"

ఆమె కిందికి చూడలేదు. చూడలేకపోయింది. ఆమె చేతిలో, చల్లగా ఉన్న ఆ చిన్న వేళ్ళు మెల్లగా బిగుసుకున్నాయి.