కంచు గుర్రం, ఖాళీ సీసా

కుర్చీ చూపించినా పళ్ళ డాక్టరమ్మ కూర్చోలేదు. హ్యాండుబ్యాగు గుండెకి అదుముకుని గుమ్మంలోనే నిలబడింది.

"సాయంత్రానికి నా క్లినిక్‌కి తాళం వేస్తారటండీ. నేనిచ్చిన వస్తువుని నేనే దొంగిలించానట!"

"ఆ కంచు గుర్రమేనా? పేపర్లో చూశాం" అంది డిటెక్టివ్. "ఒరేయ్, ఆ ఫ్యాను వెయ్యి. ఆవిడకి చెమటలు పడుతున్నాయి."

మేనల్లుడు ఫ్యాను వేశాడు. అత్త దగ్గర అసిస్టెంటుగా చేరినప్పటి నుంచి అతనికి అన్నం కన్నా ఇలా గుమ్మంలోకి వచ్చే కేసులంటేనే ఆకలి.

డాక్టరమ్మకి పాతవస్తువుల పిచ్చి. ఏ మూల తవ్వకాల్లో ఏం బయటపడినా ఆ వార్త కత్తిరించి దాచుకుంటుంది. చివరికి అదృష్టం ఆమె పెరట్లోనే తలుపు తట్టింది. పూడిక తీయిస్తున్న బావిలో జానెడు ఎత్తు కంచు గుర్రం దొరికింది. ఒళ్ళంతా పచ్చటి చిలుము, పీట మీద ఒక వరస అక్షరాలు. మర్నాడే తీసుకెళ్ళి మ్యూజియంకి అప్పగించింది.

"మ్యూజియం కమిటీ ప్రెసిడెంటు టీవీవాళ్ళని పిలిచాడని విని, నిన్న మధ్యాహ్నం చూద్దామని వెళ్ళాను. క్యూరేటరే అద్దాలపెట్టె తెరిచి, ఫోనొచ్చిందని పక్కకి వెళ్ళాడు. నేను చూసి వచ్చేశాను. సాయంత్రానికి పెట్టె ఖాళీ! నా బ్యాగులోనే పోయిందంటున్నాడు."

"గుర్రం తాలూకు ఏదైనా మీ దగ్గరుందా?"

ఆమె బ్యాగులోంచి తెల్లటి ప్లాస్టర్ ముక్క తీసింది. "పళ్ళకి తీసినట్టే ఆ అక్షరాలకి అచ్చు తీశాను. పాత లిపి చదివేవాళ్ళకి పంపిద్దామని."

*

మ్యూజియం గేటు దగ్గర పోలీసులు నిన్న సాయంత్రం నుంచీ వచ్చేపోయేవాళ్ళ సంచులన్నీ వెతుకుతున్నారు. క్యూరేటరు కుడిచేతి వేళ్ళకి గుడ్డ చుట్టి ఉంది.

"ఏమైందండీ?" అడిగింది డిటెక్టివ్.

"నిన్న ఇక్కడ టీ కాచుకుంటుంటే కాలింది. అది వదిలేయండి. పెట్టె తాళం పగల్లేదు. ఆ డాక్టరమ్మే తీసింది."

అంతలో వాచ్‌మన్ వీధి చివరి దుకాణం నుంచి టీ తెచ్చాడు. డిటెక్టివ్ అటూ ఇటూ చూసి, మరుగుదొడ్డి ఎక్కడని అడిగింది. చీరకొంగు ముక్కుకి అడ్డంపెట్టుకుని బయటికొచ్చింది.

"ఛీ! వెళ్ళు, నువ్వూ చూసిరా."

"నాకెందుకత్తా ఆ శిక్ష?"

"వెళ్ళమన్నానా!"

లోపలంతా గారలు కట్టి ఉంది. మేనల్లుడు ఫ్లష్ నొక్కాడు. రెండు చెంబుల నీళ్ళు జారి ఆగిపోయాయి. అవి ఆకుపచ్చగా ఉన్నాయి. తొట్టిలో నాచు పట్టిందనుకున్నాడు. వాష్‌బేసిన్ కింద నల్లటి గచ్చు మీద తెల్లటి మచ్చలు. మూలన యాసిడ్ సీసా పడి ఉంది, ఖాళీగా.

"ఎన్నాళ్ళైందయ్యా కడిగి?" వాచ్‌మన్‌ని అడిగింది డిటెక్టివ్.

"మొన్ననే కొత్త సీసా తెచ్చానమ్మా. కడుగుదామని చూస్తే చుక్క లేదు. యాసిడ్ తాగే దెయ్యం పట్టిందేమో ఈ కొంపకి!"

డిటెక్టివ్ నవ్వలేదు. "ఇన్‌స్పెక్టరుగారిని, కమిటీ ప్రెసిడెంటుని పిలువు. డాక్టరమ్మని కూడా."

*

అందరూ ఖాళీ అద్దాలపెట్టె చుట్టూ నిలబడ్డారు.

"ప్రెసిడెంటుగారూ, టీవీవాళ్ళు వస్తున్నారని క్యూరేటరుతో ఏమన్నారు?"

"ఏమంటాను? ఆ చిలుముముద్దని చూపిస్తే నవ్విపోతారు, తళతళలాడాలి అన్నాను. తప్పా?"

"మీ దృష్టిలో కాదు లెండి" అని డిటెక్టివ్ క్యూరేటరు వైపు తిరిగింది. "సీసా ఖాళీ అయింది, దొడ్డి మాత్రం మురికిగానే ఉంది. మరి ఆ యాసిడ్‌తో దేన్ని కడిగారు? పొయ్యే లేని చోట టీ కాచుకుని వేళ్ళు ఎలా కాల్చుకున్నారు? కంచు చిలుము యాసిడ్‌లో కరిగితే నీళ్ళు ఆకుపచ్చగా మారతాయి. నిన్న డాక్టరమ్మ వెళ్ళగానే ఈయన గుర్రానికి యాసిడ్ స్నానం చేయించాడు. అది పాడైపోయింది. దొంగతనమని గోలపెట్టాడు. కానీ గేటు దగ్గర తనిఖీ మొదలయ్యేసరికి బయటికి చేరవేసే దారి లేక..."

మేనల్లుడు మధ్యలోనే అందుకున్నాడు. "అత్తా! ఫ్లష్ తొట్టి! సగం చోటు అదే ఆక్రమించింది, అందుకే నీళ్ళు చాలలేదు!"

"వెళ్ళు. తీసుకురా."

మూత ఎత్తి, ముఖం పక్కకి తిప్పుకుని అతను చెయ్యి ముంచాడు. చేతికి వచ్చిన గుర్రం చర్మం ఒలిచినట్టు ఎర్రగా ఉంది. జూలు లేదు, కళ్ళు లేవు. ఇనప బ్రష్షు గీతలున్నాయి.

డాక్టరమ్మ పీట మీద వేలితో తడిమి చూసింది. నున్నగా తగిలింది. "అక్షరాలు ఆ పచ్చపొరలోనే ఉండేవి. పైచిలుము మాత్రమే సూదితో నెలల తరబడి తీయాల్సింది..."

"నేనేం కావాలని చేశానా?" క్యూరేటరు గొణిగాడు. "మా ఇంట్లో ఇత్తడి బిందెలు ఇలాగే తోముతాం."

"బిందె పాడైతే పొరుగింటావిడని జైలుకి పంపుతారా?" అంది డిటెక్టివ్.

ఇన్‌స్పెక్టరు డాక్టరమ్మకి క్షమాపణ చెప్పి, క్యూరేటరు భుజమ్మీద చెయ్యి వేశాడు. అప్పుడు ప్రెసిడెంటు గొంతు సవరించుకున్నాడు.

"పోన్లెండమ్మా, మీ దగ్గర అచ్చుందిగా! దానికి కాస్త బంగారు రంగు పూసి పెట్టెలో పెడదాం. టీవీవాళ్ళు గేటు దగ్గరే ఉన్నారు."

డాక్టరమ్మ అచ్చుని రుమాల్లో చుట్టి బ్యాగులో పెట్టి జిప్పు లాగింది.

"ఇది చదివేవాళ్ళ దగ్గరికి వెళ్తోంది. మీకు పన్ను నొప్పొస్తే మాత్రం ఇంకో డాక్టరుని చూసుకోండి."

మేనల్లుడు తడి చెయ్యి ఒంటికి తగలకుండా దూరంగా పట్టుకుని, వాష్‌బేసిన్ వైపు నడిచాడు.

"ఎక్కడికిరా?"

"చెయ్యి కడుక్కోవద్దా అత్తా?"

డిటెక్టివ్ ప్రెసిడెంటు వైపు ఓసారి చూసింది. "ఇక్కడ కాదు. ఇంటికి పద. నేను కూడా కడుక్కోవాలి."