మంగళవారం లాగిన తాడు

మంగళవారం నాడు ఆ ఊరి మగవాళ్ళు సముద్రానికి వీపు పెట్టి కూర్చుంటారు. కాలి బొటనవేలికి వల తగిలించుకుని, ఇసుకలో వరసగా కూర్చుని చిరుగులు కుట్టుకుంటారు. ఒక్క పడవ కూడా నీళ్ళలోకి దిగదు. మిగతా రోజులు సముద్రం మనది, ఈ ఒక్క రోజు దానిది, దాని పని అది చేసుకుంటుంది, మనం తొంగి చూడకూడదు అంటారు. ఏం పని అని అడిగిన పిల్లలకు మొట్టికాయ పడుతుంది. అరాబా చిన్నప్పుడు ఆ మొట్టికాయలు బాగానే తింది.

అలాంటి మంగళవారం పొద్దున్నే ఆమె ఒక పాత మరపడవలోకి తన కెమెరా పెట్టె ఎక్కిస్తోంది. సెకొండి రేవు నుంచి అద్దెకు తెచ్చిన పడవ. చేపలు పొగబెట్టే ఆడవాళ్ళు పొయ్యిల దగ్గర నుంచి చూస్తూ నవ్వారు.

"ఏమే అరాబా, మంగళవారం పుట్టిన సముద్రం బిడ్డవి, మంగళవారమే బయల్దేరావు. పుట్టింటికా?"

"అవునక్కా, సారె పెట్టి పంపిస్తారేమో చూడు," అంది అరాబా. నవ్వుతూనే పెట్టె కట్లు మరోసారి బిగించింది.

ఆమెకు వేరే దారి లేదు. చేపలు గుడ్లు పెట్టే కాలమని పెద్ద ఓడలకు పెట్టిన విరామం ఆ రోజుతో ఆఖరు. తెల్లారితే అవన్నీ లోతు గట్టు అనే నడిసముద్రపు మెట్ట మీదికి వచ్చేస్తాయి. అక్కడ, ఎండ ఎన్నడూ చేరని అడుగున, తెల్లటి పగడాల అడవి ఉంది. అందులో ఒక కొమ్మ వేలెడు పెరగాలంటే తరాలు పడుతుంది. పెద్ద ఓడలు బరువైన ఇనుప పలకలు కట్టిన వలను అడుగున ఒక్కసారి ఈడిస్తే అంతా పొడి అయిపోతుంది. అరాబా చదువంతా ఆ అడవి గురించే. వలలు తగిలిన మేర, తగలని మేర పక్కపక్కన చూపించే బొమ్మలు తెస్తే ఆ చోటును మూసేస్తామని రాజధాని అక్రాలో అధికారులు మాట ఇచ్చారు. అంతకుముందు వెళ్ళాలని రెండుసార్లు ప్రయత్నించింది. ఒకసారి గాలివాన, ఒకసారి ఇంజను. అయినా ఆమె పట్టు వదల్లేదు.

చదువు ఒక్కటే కాదు కారణం. నిరుడు ఆ గట్టు మీదే ఒక పెద్ద ఓడ చీకట్లో ఆమె తమ్ముడు ఎబో పడవను తొక్కుకుంటూ పోయింది. ఎబోతో కలిపి ఆరుగురు. ఒక్కడూ తేలలేదు. అమ్మ ఈనాటికీ కర్మ చేయనివ్వలేదు. "వాడి మీద నుంచి వల ఈడ్వనివ్వనమ్మా," అని అరాబా ఆమె చేతిలో చేయి వేసి చెప్పింది. ఆ మాటే ఆమెను మంగళవారం నాడు పడవ ఎక్కించింది.

చుక్కాని దగ్గర మేనమామ ఎకో. రానని తిట్టి, నిన్ను ఒంటరిగా పంపలేనని మళ్ళీ తిట్టి, ఎక్కాడు. తాడు దింపి చుట్టే మర, వించి, తిప్పడానికి ఆటో అనేవాడు, నోరు మూయడం రానివాడు.

"మామా, మనకి జరిమానా ఏం వేస్తారంటావ్? గొర్రెనా, సారాయా?"

"నీ నోటికి కుట్టు వేస్తారు. ముందుకి చూడు."

మధ్యాహ్నానికి గట్టు మీదికి చేరారు. గాలి లేదు. సముద్రం నూనె పోసినట్టు నున్నగా ఉంది. ఒక్క పక్షి కూడా లేదు. ఇంజను ఆపేసరికి చెవుల్లో హోరు తప్ప ఏమీ మిగల్లేదు. ఎకో మామ కాస్త సారా నీళ్ళలో ఒంపి పెదాలు కదిపాడు. ఎవరికి చెప్పుకున్నాడో అరాబా అడగలేదు.

కెమెరా పెట్టె దిగింది. దాంతో పాటు దీపాలు, నీటి చప్పుళ్ళు పట్టే మైకు. లావుపాటి తాడు లోపల తీగ ఉంది, దాని గుండా బొమ్మ చూడటానికి పైకి వస్తుంది, నిలవ ఉండేది మాత్రం పెట్టెలోనే. అరాబా నల్లగుడ్డ కప్పుకుని తెర ముందు కూర్చుంది. చెవులకు మైకు గొట్టాలు పెట్టుకుంది. పైన మిట్టమధ్యాహ్నం. తెరలో నీలం, ఆ తర్వాత బూడిద రంగు, ఆ తర్వాత నలుపు. కింద ఎప్పుడూ రాత్రే.

చాలాసేపటికి అడుగు కనబడింది. ముందు వలలు తగిలిన మేర. బురదలో నాగలి చాళ్ళలాంటి గాట్లు, వాటి మధ్య ముక్కలైన పగడాలు, ఎముకల్లా తెల్లగా. ఒక్క పీత కూడా లేదు. పడవ మెల్లగా కొట్టుకుపోతుంటే గాట్లు ఆగిపోయి అడవి మొదలైంది. ఎంత బాగుందో! కొమ్మ కొమ్మకూ నక్షత్ర చేపలు, గుడ్లు పొదుగుతున్న రొయ్యలు, దీపానికి కళ్ళు మెరిపించే చిన్న మీనులు. అరాబా గుడ్డ కింద ఒక్కతే ఏడ్చింది. ఇది చాలు. ఇక ఇది చూసి ఎవరూ కాదనలేరు.

అప్పుడు తెర మూలన ఏదో కనబడింది. బురద మీద, అడవి పక్కగా, ఒక వరస గుంటలు. చాళ్ళు కావు. ఒకదాని వెనక ఒకటి, కుడి, ఎడమ... మడమ దగ్గర లోతుగా, వేళ్ళ దగ్గర ఇంకా లోతుగా. బరువు లాగేవాడు ఇసుకలో కాలు తన్నిపట్టి నిలబడితే పడే గుంటలు. తాళ్ళు లాగే ఊళ్ళో పుట్టిన పిల్ల, ఆమెకు ఒకరు చెప్పాలా?

"ఆటో," అంది మెల్లగా. "తాడు ఆపు."

"నేను ఎప్పుడో ఆపేశాను కదక్కా."

తాడు దిగుతూనే ఉంది.

ఆటో వించి పళ్ళకు ఇనుప కడ్డీ అడ్డం పెట్టాడు. వించి ఆగింది. తాడు బిగిసింది. పడవ ముక్కు కొంచెం కిందికి వంగి, లేచింది. మళ్ళీ వంగింది. మళ్ళీ లేచింది. ఒక్క క్షణం ఏమీ లేదు... మళ్ళీ వంగింది.

"రాయికి తగులుకుందేమో," అన్నాడు ఆటో. నవ్వబోయాడు, రాలేదు.

ఎకో మామ చుక్కాని వదిలి వచ్చాడు. తాడు కేసి చూస్తూ ఉండిపోయాడు. రెండు లాగులు, ఒక ఆగు. రెండు లాగులు, ఒక ఆగు. ఒడ్డున పెద్ద వల లాగేటప్పుడు పాట పిలిచేవాడు ఒకడుంటాడు. వాడి ఊపిరిని బట్టి లాగు ఉంటుంది. ఊళ్ళో ఒక్కొక్కడిది ఒక్కో తీరు.

"ఇది మన వాడి లాగు," అన్నాడు మామ గొంతు తగ్గించి. "రాయి ఊపిరి పీల్చుకోదమ్మా."

అరాబా తాడు మీద చేయి వేసింది. వణుకు చూద్దామని వేసింది, అంతే. తాడులోంచి పొగ వాసన వచ్చింది. తడి ఉప్పు వాసన కాదు, పొగ వాసన. అమ్మ పొయ్యి మీద చేపలకు పొగ పట్టే వాసన.

చెవి గొట్టాల్లో గరగర. దాని వెనక, చాలా దూరం నుంచి...

"ఏ... యేయ్..."

తర్వాత ఒక చిన్న దగ్గు. పొగ ఇంట్లో పెరిగిన పిల్లల దగ్గు. ఎబో ప్రతి పిలుపు తర్వాతా అలా దగ్గేవాడు, ఊరంతా వాణ్ణి ఎగతాళి చేసేది.

"ఏ... యేయ్..."

ఆ ఒడ్డున పుట్టినవాళ్ళకు ఒక అలవాటు ఉంది. తాడు మీద చేయి ఉండగా పిలుపు వినబడితే పలకాలి. పలకనివాడు పక్కవాడి మీద బరువు పడేస్తున్నాడని అర్థం, అంతకు మించిన తిట్టు లేదు. నడక రాకముందే ఆ బదులు నోటికి వస్తుంది. అరాబా ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే చేసేది కాదు.

"యో!" అంది.

అంతా ఆగిపోయింది. తాడు వదులైంది. పడవ కదలలేదు.

మామ మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఎవరికి పలికావే?"

"మామా, వాడు..."

"ఎవరికి పలికావు?"

తాడు బిగిసింది. ఈసారి లాగు వేరు. ఇందాకటి కంటే బరువు. ఇంకో మనిషి వచ్చి చేయి వేసినట్టు... పడవ ముక్కు నీళ్ళలోకి దిగింది. నీళ్ళు అంచు దాటి లోపలికి వచ్చాయి. ఆటో కేక పెట్టి నీళ్ళు తోడే డబ్బాకు పరుగెత్తాడు. వించి కింద చెక్క పగిలింది. రెండు లాగులు. ఒక ఆగు. నీళ్ళు మోకాలి దాకా.

మామ గొడ్డలి ఎత్తాడు.

"వద్దు మామా!" అరాబా అతని చెయ్యి పట్టుకుంది. "బొమ్మలన్నీ ఆ పెట్టెలోనే ఉన్నాయి! అది పోతే రేపు వాళ్ళొచ్చి అడవిని... వాడి మీద నుంచి..."

"మీ అమ్మకు ఇంకో బిడ్డను పోగొట్టమంటావా?"

ఆమె చెయ్యి వదిలింది. గొడ్డలి పడింది. తెగిన తాడు పాములా జారి నీళ్ళలోకి పోయింది. పడవ ఒక్క ఎగురు ఎగిరి నిలబడింది. తెర నల్లబడింది.

మామ పడవను ఒడ్డు వైపు తిప్పాడు. అరాబా దారంతా నీళ్ళు తోడుతూనే ఉంది. అమ్మకు ఏం చెప్పాలి? తోడుతూనే, అమ్మ చేతిలో వేసిన తన చేతినే చూసుకుంది.

పొద్దు వాలే వేళకు ఒడ్డు కనబడింది. వలలు కుట్టేవాళ్ళు ఇంకా అలాగే, సముద్రానికి వీపు పెట్టి. కానీ కుట్టడం లేదు. సూదులు చేతుల్లో ఆగిపోయి ఉన్నాయి. వాళ్ళ వెనక, అలలు చేరని పొడి ఇసుకలో, కెమెరా పెట్టె ఉంది.

పక్కన తాడు చుట్ట చుట్టి ఉంది. ఎడమ నుంచి కుడికి. ఊళ్ళో తాడు అలా చుట్టే ఎడమచేతి వాటం వాడు ఒక్కడే ఉండేవాడు.

"ఎవరు తెచ్చారు తాతా?" అంది అరాబా, వలల పెద్ద క్వాన్సాతో.

ముసలాయన తల తిప్పలేదు. "మేం చూడలేదమ్మా. చూడకూడదు కదా. పాట వినబడింది. లాగుతున్నారు. ఆగారు." ఆయన చేతిలో సూదిని ఇసుకలో గుచ్చాడు. "మా కుర్రాళ్ళలో ఒకడు పలకబోతే నోరు నొక్కాను."

పెట్టె చెక్కుచెదరలేదు. లోపల చుక్క నీరు లేదు. బొమ్మలన్నీ ఉన్నాయి. అరాబా ఆ రాత్రే వాటిని అక్రా తీసుకెళ్ళి తెల్లారగానే చూపించింది, చప్పుడు తీసేసి. గాట్లు చూసి వాళ్ళు తలలు దించుకున్నారు. అడవి చూసి ఒకాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఓడలు వల దించకముందే లోతు గట్టును మూసేశారు. ఆ కబురు విన్న రాత్రి అమ్మ, ఎబో పోయాక మొదటిసారి, కడుపునిండా తింది.

కానీ తాడు తెగిన చోట ఆ చిత్రం ఆగలేదు. ఎకో మామ ఒక్కడికే అరాబా చప్పుడుతో చూపించింది. అడవి వెనక్కి పోతుంది. బురద గట్టు మెట్టలా పైకి లేస్తుంది. పెట్టె రెండు లాగులు ముందుకు వస్తుంది, ఆగుతుంది. లాగేవాళ్ళు ఒక్కసారి కూడా కనబడరు. నలుపు, బూడిద రంగు, నీలం... ఒడ్డు దాకా. దారి పొడుగునా పాట.

మామ కళ్ళు మూసుకుని విన్నాడు. అన్నీ ఎరిగిన గొంతులే. పలికే గొంతు ఒక్కొక్కటి వినబడగానే పేరు చెప్పి వేలు మడిచాడు. పిలిచేవాడు ఎబో. పలికేవాళ్ళు ఐదుగురు. మడిచిన పిడికిలి అలాగే ఉంచి కళ్ళు తెరిచాడు.

"ఇంకొకటి ఉంది," అన్నాడు. "ఆడగొంతు."

అది తన గొంతేనని అరాబాకు ముందే తెలుసు. పడవలో ఆమె పలికింది ఒక్కసారే. ఆ పాటలో మాత్రం ప్రతి పిలుపుకూ పలుకుతోంది. ఒడ్డు దగ్గరికి వచ్చేసరికి అలిసి, బొంగురుపోయి... అయినా పలుకుతోంది.

అమ్మ కర్మకు ఒప్పుకుంది. పెద్ద ఓడలు ఆ వైపు రావడం లేదు. అరాబా మంగళవారాలు ఇంట్లోనే ఉంటుంది, సముద్రం వైపు కిటికీ మూసుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా. పొద్దస్తమానం పెదవి విప్పదు. అయినా సాయంత్రం అమ్మ అన్నానికి పిలిస్తే "వస్తున్నా" అనడానికి ఆమెకు గొంతు పెగలదు. రోజంతా అరిచినవాళ్ళకు పోయినట్టు పోయి ఉంటుంది.