కిటికీ కింద వయ్యారిభామ

పొద్దున ఆరు కాకముందే శ్యాంసుందర్ లుంగీ ఎగగట్టి పక్క ప్లాటులోకి దిగాడు. హన్మకొండలో వాళ్ల ఇంటికి ఆనుకొని ఉన్న ఆ రెండు వందల గజాల ఖాళీ జాగా యజమాని హైదరాబాదులో ఎక్కడో ఉంటాడు. ఏడేళ్లలో ఒక్కసారి వచ్చి, హద్దురాళ్లు చూసుకొని, ఫొటో తీసుకొని పోయాడు. ఆయన అటు పోగానే ఆ జాగానంతా వయ్యారిభామ గడ్డి ఆక్రమించుకుంది. వానలు మొదలైతే చాలు, నడుమెత్తు పెరిగి తెల్లతెల్లని పూలతో ఊగుతుంటుంది. పేరు పెట్టినవాడికి ఏ భామ మీద కోపమో గానీ, దూరం నుంచి చూడ్డానికి మాత్రం ముచ్చటగానే ఉంటుంది.

శ్యాంసుందర్ ఒక్కో మొక్కనూ వేళ్లతో సహా పీకి, మట్టి దులిపి, గోడ మీదుగా తన పెరట్లోకి విసురుతున్నాడు. గోడకు ఇవతల ఎరువు గుంత ఉంది. నలభై ఏళ్లు వరంగల్ చౌరస్తాలో బట్టల దుకాణం నడిపి, రెండేళ్ల కిందట దాన్ని కొడుకు పవన్‌కు అప్పజెప్పిన మనిషి ఆయన. గుడ్డపీలిక కూడా పారేసే అలవాటు లేదు. దుకాణంలో మిగిలిన ముక్కలతో దిండు గలీబులు కుట్టించినట్టే, ఇంట్లో మిగిలిన కూరగాయల తొక్కలు, చాయపత్తి, ఎండుటాకులు అన్నీ గుంతలో వేసేవాడు. పీకిన గడ్డి కూడా అందులోకే. తయారైన ఎరువును సంచుల్లో నింపి వీధిలో అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ పంచేవాడు. వద్దన్నవాళ్ల గేటు ముందు పెట్టి వచ్చేవాడు.

"ఏమండీ, చాయ సల్లారుతాంది. ఆ గడ్డి ఎటూ పోదు గని, ముందు మీరు రాండ్రి!" వంటింట్లోంచి రాజేశ్వరి కేక వేసింది.

"వస్తాన, వస్తాన. ఈ నాలుగు పీకి వస్తాన. కోడలికి పడ్తలేదనే కద నేను ఇంత కష్టపడుడు."

ఆ మాట నిజమే. కోడలు అనూష హసన్‌పర్తి దగ్గర ఒక కాలేజీలో లెక్కలు చెబుతుంది. కిందటి వానాకాలం నుంచి ఆమెకు దగ్గు, ఊపిరాడని దమ్ము. డాక్టరు పరీక్షలు చేసి, వయ్యారిభామ పుప్పొడి పడటం లేదని తేల్చాడు. ఆ రోజు నుంచే శ్యాంసుందర్ ఆ గడ్డి మీద యుద్ధం ప్రకటించాడు. అంతటితో ఆగకుండా, కోడలి మనసు బాగుంటుందని ఆమె గది కిటికీ కింద పన్నెండు కుండీలు పెట్టి, తన ఎరువే నింపి, చామంతి విత్తనం చల్లాడు. నారు దట్టంగా లేచింది. రోజూ చెంబుతో తనే నీళ్లు పోసేవాడు.

గదిలోంచి దగ్గు వినిపించింది. కిటికీ రెక్కలు మూసే ఉన్నాయి.

"కిటికీ తెరువు బిడ్డా! చామంతులు ఎంత మంచిగ లేస్తానయో చూడు. కొంచెం గాలి ఆడాలె," అన్నాడు శ్యాంసుందర్ బయటి నుంచే.

"తెరిస్తె దగ్గు ఇంకా ఎక్కువైతాంది మామయ్యా."

"ఏం కాదు. అంత మనసుల ఉంటది," అని తేల్చేసి చాయకు వెళ్లిపోయాడు. మంచి మనిషే. కాకపోతే ఇంట్లో ఎవరికి ఏం నొప్పి వచ్చినా దాని గురించి వాళ్లకంటే తనకే ఎక్కువ తెలుసని నమ్మే మంచి మనిషి.

ఉప్మా ప్లేట్ల ముందు పవన్ చాలాసేపు చెంచా తిప్పుతూ కూర్చున్నాడు. చివరికి గొంతు సవరించుకున్నాడు.

"నాన్నా, కాజీపేటల ఒక ఫ్లాట్ చూసినం. మూడో అంతస్తు. చుట్టుపక్కల ఈ గడ్డి లేదు. కొన్ని రోజులు అక్కడ ఉండి చూద్దామనుకుంటానం."

శ్యాంసుందర్ తలెత్తలేదు. "ఎవరెవరు?"

"నేను, అనూష."

"అంటే వేరు పోతాన్రు."

"వేరు ఎందుకైతది నాన్నా? దుకాణం అదే, ఇల్లు ఇదే. ఆమెకు నయమైతె..."

"ఊరంతా ఇదే గడ్డి. మీ అమ్మ ఇక్కడ ఉంటలేదా? నేను పొద్దున లేస్తె దాంట్లనే ఉంటాన. నాకెందుకు రాదు దమ్ము? వేరు పోవాలనుకుంటె పోతమని సక్కగ చెప్పాలె. దమ్ము పేరు ఎందుకు చెప్పుడు?"

రాజేశ్వరి చేతిలోని గంటె ఆగిపోయింది. అనూష ఇన్నాళ్లూ మామయ్య మాటకు ఎదురు చెప్పిన పిల్ల కాదు. ఆ రోజు మాత్రం కుర్చీ వెనక్కి జరిపి లేచి నిలబడింది.

"మీకు రాలేదు కాబట్టి నాది అబద్ధమైతదా మామయ్యా?"

"నేనట్ల అన్లేదు."

"అన్నరు. సంవత్సరం నుంచి అంటనే ఉన్నరు. మనసుల ఉంటది అంటరు, ఏం కాదు అంటరు. క్లాసుల అరగంట మాట్లాడితె గొంతు పోతాంది. పిల్లలు 'మేడం, మీరు కూసోండి' అంటాన్రు. ఇంట్ల మీరు పరేషాన్ అయితరని నోటికి టవల్ అడ్డం పెట్టుకొని దగ్గుతాన. వేరు పోవాలని నాకు ఉంటె పెళ్లయిన కొత్తల్నే పోయేదాన్ని. నాకు ఊపిరి ఆడుతలేదు మామయ్యా. అంతే." మాట పూర్తి కాకుండానే దగ్గు తెర కమ్ముకుంది. రాజేశ్వరి పరుగున వచ్చి వీపు నిమిరింది. పవన్ ఇన్‌హేలర్ తెచ్చాడు.

శ్యాంసుందర్ లేచి చెయ్యి కడుక్కున్నాడు. "పోండ్రి. నేనెవర్ని ఆపనీకె," అని బయటికి నడిచాడు.

ఆదివారం ఒక ట్రాలీ ఆటోలో మంచం, రెండు పెట్టెలు, మిక్సీ, అనూష పుస్తకాలు ఎక్కాయి. కొడుకూ కోడలూ చెప్పి వెళ్దామని వస్తే శ్యాంసుందర్ పక్క ప్లాటులో ఉన్నాడు. వంగిన నడుము ఎత్తలేదు. ఆ రోజు కోపమంతా గడ్డి మీదే చూపించి, మామూలుగా పీకేదానికి మూడింతలు పీకి గుంతలో కుప్ప పోశాడు.

ఇల్లు బోసిపోయింది. రాజేశ్వరి అన్నం పెట్టేది, నీళ్లు పెట్టేది, మాట మాత్రం పెట్టేది కాదు. కోడలితో ఫోన్లో మాట్లాడేటప్పుడు కావాలని హాల్లో కూర్చొని గట్టిగా మాట్లాడేది.

"ఏంది? దగ్గు తగ్గిందా? నిద్ర మంచిగ పడుతాందా? నా తల్లే!"

"పడ్తది. అత్తమామలు పక్కన లేకుంటె ఎవరికైన మంచిగనే నిద్ర పడ్తది," అనేవాడు శ్యాంసుందర్ పేపరు చాటు నుంచి. అనేవాడే గానీ, కోడలి గది ముందు నుంచి పోతుంటే ఆయన అడుగు నెమ్మదించేది. ఆమె సాయంత్రం కాలేజీ నుంచి వచ్చి "మామయ్యా, తిన్నరా?" అని అడిగే వేళకు గేటు వైపు చూసేవాడు. ఆ పిల్ల లేని లోటు ఆయనకు తెలుస్తూనే ఉంది. ఒప్పుకోవడమే రాదు.

మూడో వారం ఒక పొద్దున మొండయ్య మోపెడ్ మీద వచ్చాడు. హసన్‌పర్తిలో అరెకరంలో ఆకుకూరలు పండించి ఈ వీధిలో అమ్ముకునే మనిషి. ఎండాకాలంలో శ్యాంసుందర్ బలవంతం మీద నాలుగు సంచుల ఎరువు తీసుకుపోయాడు. ఈసారి కూరల గంపకు బదులు ఒక గోనెసంచి తెచ్చి అరుగు మీద కుమ్మరించాడు.

"సేటూ, నీకు నేనేమన్న అన్యాలం జేసిన్నా?"

"ఏమైంది మొండయ్యా?"

"నువ్విచ్చిన ఎరువు ఏసిన మడిల పాలకూర కంటె ఇదే ఎక్కువ మొలిసింది. ఎయ్యని మడిల ఒక్కటంటె ఒక్కటి లేదు. రెండు దినాల సంది నేను, మా ముసల్ది ఇదే పీకుడు."

శ్యాంసుందర్ ఒక మొక్కను చేతిలోకి తీసుకున్నాడు. చీలికలు చీలికలుగా లేత ఆకు, నేలకు అంటుకొని గుండ్రంగా పరుచుకొన్న తీరు. "ఇది చామంతి గద. నా కుండీలల్ల కూడ ఇదే ఉన్నది."

మొండయ్య కోపం మరిచిపోయి నవ్వాడు. "సామంతా! జర నలిపి వాసన సూడు సేటూ. ఇది వయ్యారిభామ. పసిదిగున్నప్పుడు గిట్లనే మోసం జేస్తది. ఆ ప్లాట్లది పూత మీద పీకి గుంతల ఏస్తానవా ఏంది?"

"వేస్తాన. కుళ్లితె ఎరువే కద."

"ఆకు కుళ్లుతది గని ఇత్తనం కుళ్లదు. ఒక్కొక్క సెట్టుకు ఏలకు ఏలు ఇత్తనాలు. నువ్వు పీకుతలేవు సేటూ, సల్లుతానవ్."

శ్యాంసుందర్ లేచి ఇంటి పక్కకు నడిచాడు. పన్నెండు కుండీలు. ప్రేమగా నీళ్లు పోసి, ఎండ తగిలేలా వారానికోసారి తిప్పి పెట్టిన పన్నెండు కుండీలు. మూడింటిలో అప్పుడే తెల్లటి మొగ్గలు పొడుచుకు వస్తున్నాయి. ఒక ఆకు నలిపి వాసన చూశాడు. రోజూ ప్లాటులో చేతులకు అంటే వాసనే. పక్కన నాలుగడుగుల దూరంలో ఎరువు గుంత. అందులో పూతతో పీకి పడేసిన గడ్డి ఎండి, గాలి వచ్చినప్పుడల్లా సన్నటి పొడి లేస్తోంది. ఆ పొడి ఎటు పోతుందో తెలుసుకోవడానికి ఆయన ఎక్కువసేపు చూడాల్సిన పని లేకపోయింది. కిటికీ అంచంతా అదే పొడి.

ఆ పిల్లకు పడనిదాన్ని పక్క జాగా నుంచి మోసుకొచ్చి ఆమె తల దగ్గర కుప్ప పోసింది తనే. కుండీల్లో పెంచింది తనే. కిటికీ తెరువమన్నది తనే. తెరవకపోతే మనసులో ఉందన్నదీ, చివరికి సాకు అన్నదీ తనే. శ్యాంసుందర్ అక్కడే గోడకు ఆనుకొని కూర్చుండిపోయాడు.

వెతుక్కుంటూ వచ్చిన రాజేశ్వరి భర్త ముఖం చూసి మూడు వారాల మౌనం మరిచిపోయింది. "ఏమైందండీ? ఛాతిల నొప్పా?"

"రాజీ, ఆ పిల్ల నిజం చెప్పింది. అందరి ముంగట నేనే ఆమెను దొంగను చేసిన." ఆయన కళ్లనీళ్లు తుడుచుకోవడానికి చెయ్యి ఎత్తి, చేతికి ఆ గడ్డి పసరు ఉందని గుర్తొచ్చి దించేశాడు. రాజేశ్వరి తన కొంగుతో తుడిచింది.

వరంగల్ చౌరస్తా దుకాణంలో గల్లా వెనక నలభై ఏళ్లు ఒక బోర్డు వేలాడింది: అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు. దాన్ని రాయించిన మనిషి ఆ మధ్యాహ్నం ఇంటింటికీ తిరిగి తొమ్మిది ఇళ్ల నుంచి ఎరువు వాపసు అడిగాడు. "నాదే తప్పు. పూత గడ్డి వేసిన. మీ కుండీలల్ల ఇసొంటిది మొలిస్తె పూయకముందే పీకుండ్రి, చేతులకు కవర్లు కట్టుకొని పీకుండ్రి," అని ప్రతి గుమ్మంలో నిలబడి చెప్పాడు. కొందరు నవ్వారు. ఒకామె, "మా పాపకు చేతులు దురద పెడ్తె సబ్బు మార్చినం సేటూ," అన్నప్పుడు ఆయనకు తల ఎత్తబుద్ధి కాలేదు.

తర్వాత పది రోజులు మొండయ్య చెప్పినట్టు నడుచుకున్నాడు. ముక్కుకు గుడ్డ, చేతులకు గ్లౌజులు. గుంత ఖాళీ చేసి, అందులోదీ కుండీల్లోదీ వాపసు వచ్చినదీ అంతా దూరంగా నిలువులోతు గొయ్యి తీయించి పూడ్పించాడు. హైదరాబాదు యజమానికి ఫోన్ చేసి ఒప్పించి, ప్లాటులో గడ్డిని తడి నేల మీదే, పూత లేనివి వేళ్లతో సహా, పూత ఉన్నవి ముందు సంచి తొడిగి పీకాడు. ఖాళీ అయిన నేల మీద గడ్డిని అణిచిపెట్టేలా బంతి విత్తనం దట్టంగా చల్లించాడు. ఇంత చేసినా వచ్చే వానకు మళ్లీ కొన్ని మొలుస్తాయని మొండయ్య ముందే చెప్పాడు. మొలిస్తే మళ్లీ పీకాలి, అంతే.

ఆదివారం మధ్యాహ్నం కాజీపేట ఫ్లాటు గంట మోగింది. అనూష తలుపు తీస్తే మామయ్య నాలుగడుగుల అవతల, మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు.

"అక్కడనే నిలబడ్డరేంది మామయ్యా? లోపలికి రాండ్రి."

"వస్త. ముందు చెప్పనీ. ఇంటికాడ స్నానం చేసిన. మళ్ల దుకాణానికి పోయి, తల మీద నుంచి నీళ్లు పోసుకొని, కొత్త ధోతి, కొత్త అంగీ కట్టుకొని వచ్చిన. ఆ ప్లాట్ల గాలి తాకిన బట్ట ఒక్కటి లేదు నా ఒంటి మీద. అయినా నీకు పడదనుకుంటె ఇక్కడి నుంచే మాట్లాడి పోత."

అనూష తలుపు పూర్తిగా తెరిచి పట్టుకుంది. ఏడాదిగా ఎన్ని మందులు మింగిందో, ఎన్ని సంజాయిషీలు చెప్పిందో. తన ఊపిరి గురించి మామయ్య నోటి వెంట ఇలాంటి మాట వినడం ఇదే మొదలు. ఆమెకు ఏడుపు ఆగలేదు.

"తప్పు నాది బిడ్డా. నీ మాట ఒక్కసారి నమ్మి చూస్తె నీకీ తిప్పలు ఉండేటియి కావు."

"మీరు నాకోసమే చేసిన్రు మామయ్యా. అత్తమ్మ అంతా చెప్పింది."

"నీకోసమే చేసిన. నిన్ను అడగకుంట చేసిన."

ఆ మాటకు పవన్ లోపలి నుంచి వచ్చి తండ్రి చెయ్యి పట్టుకొని తీసుకుపోయి కుర్చీలో కూర్చోబెట్టాడు. అనూష ముఖం కడుక్కొని చాయ పెట్టింది. సామాను ఎప్పుడు సర్దమంటారో అన్నట్టు భర్త వైపు ఒకసారి చూసింది.

శ్యాంసుందర్ అది గమనించాడు. "ఇప్పుడు మీరు రావద్దు," అన్నాడు. "ఈ వానలు పోనీ. డాక్టరు చూసి సరేనన్నంక, అప్పుడు నీకు మనసైతె రా. లేకుంటె ఇక్కడనే ఉండు. నేనే వస్త. మంచి బట్టలు కట్టుకొనే వస్త."

"కార్తీకంల వస్తం మామయ్యా. అందాక ప్రతి ఆదివారం మీరు, అత్తమ్మ ఇక్కడనే తినాలె."

ఆయన తల ఊపాడు. కాలేజీ గురించి అడిగాడు. ఇప్పుడు గంట క్లాసు ఆపకుండా చెబుతున్నానని, పిల్లలు మళ్లీ తనకు భయపడుతున్నారని అనూష నవ్వుతూ చెబుతూ పోయింది. శ్యాంసుందర్ ఊ కొడుతూ కూర్చున్నాడు గానీ, ఆ రెండు గంటలూ ఆయన చెవులు దగ్గు ఎప్పుడు వినిపిస్తుందోనని భయం భయంగా కాచుకొని ఉన్నాయి. అనూష ఒక్కసారి కూడా దగ్గలేదు.