కట్టేసిన దవడ

ముందు మా చదువు సంగతి చెప్పాలి, లేకపోతే నా ఒళ్లుమంట మీకర్థం కాదు. నాలుగేళ్లు పళ్ల వైద్యం చదివాను. ఏడాదిపాటు విరిగిన దవడలు కట్టాను. దవడ సర్జన్ కావాలంటే మామూలు డాక్టరు చదువు కూడా ఉండాలట. అందుకని తీసుకెళ్లి మళ్లీ మెడికల్ కాలేజీలో కూర్చోబెట్టారు. నిన్నటిదాకా కత్తి పట్టినవాణ్ణి, మీసాలు కూడా సరిగ్గా రాని పిల్లల మధ్య స్టూడెంట్లకిచ్చే పొట్టి తెల్లకోటు వేసుకుని నిలబడాలి!

ఆ నెల నన్ను జనరల్ సర్జరీ వార్డులో పడేశారు. అక్కడ జూనియర్ డాక్టర్లందరి మీదా పెత్తనం చేసే చీఫ్ రెసిడెంటు గ్రేసన్ పైక్. పొట్ట కోయడం తప్ప లోకంలో ఇంకో వైద్యమే లేదనుకునే రకం. నోట్లో పళ్లెన్నో అడిగితే నీళ్లు నమిలే ఈ మహానుభావుడు నన్ను పిలిచే పిలుపు ‘పళ్ల డాక్టరు’.

జనవరి. అమెరికా నడుమ నెబ్రాస్కా రాష్ట్రపు చలి. పెద్ద డాక్టర్ల రౌండ్లకి ముందు, ఇంకా తెల్లవారకుండానే స్టూడెంట్లు పేషెంట్లని చూసి రావాలి. నా వంతుకి వచ్చినవాడు ఆర్విల్ స్టెగ్‌మన్, ఆవు తన్నితే దవడా పక్కటెముకలూ విరిగిన ముసలి రైతు. మా దవడ సర్జరీ వాళ్లే ఆయన పైపళ్లనీ కిందిపళ్లనీ కలిపి తీగలతో కట్టేశారు. అలా కట్టిన మనిషికి వాంతయితే బయటికి దారుండదు, ఊపిరాడక పోతాడు. అందుకే తీగలు తెంపే కత్తెర మంచం తలవైపు అంటించి ఉంచుతాం.

గది చీకటిగా ఉంది. కిటికీ అద్దానికి మంచు పేరుకుంది. పులిసిన సూపు వాసన, దాని కింద పచ్చి రక్తం వాసన.

"బాబూ, మళ్లీ బిగించారు," అన్నాడాయన పళ్లు కదపకుండా.

"ఎవరు?"

"ఏమో. రోజూ కొంచెం కొంచెం బిగిస్తున్నారు. నాకు భయంగా ఉంది."

పెదవి ఎత్తి టార్చి వేశాను. మా ముడులన్నీ బయటివైపే, బుగ్గ పక్కనే ఉంటాయి. పళ్లు కలిపి కట్టేశాక నాలుక వైపు చెయ్యి దూరదు కదా. బయట చూస్తే చూడటం అయిపోయినట్టే. వేసిన ముడులు వేసినట్టే ఉన్నాయి.

రౌండ్లలో చెప్పాను. పైక్ పకపకా నవ్వాడు. "మత్తుమందు పడి ముసలాయన కలలు కంటున్నాడు. నువ్వు కూడా కాస్త పట్టించావేంటోయ్ పళ్ల డాక్టరూ?"

పొట్టి కోట్ల పిల్లలు కిసుక్కుమన్నారు. వెధవలు.

"మా సీనియర్‌ని పిలుస్తాను," అన్నాను.

"ఇక్కడ నువ్వు స్టూడెంటువి. పిలిచేది లేదు."

మర్నాడు అదే వేళకి వెళ్లాను. గుమ్మంలోనే వినిపించింది.

టిక్.

తీగ బిగించే పట్టుకారు లాక్ పడే చప్పుడు. అది నాకు నిద్రలో వినిపించినా తెలుస్తుంది. లోపలికి వెళ్లి చూస్తే ఎవరూ లేరు. స్టెగ్‌మన్ ఒక్కడే... కళ్లు పెద్దవి చేసుకుని... చేతులతో దుప్పటి నలిపేస్తూ.

టిక్.

ఆయన నోట్లోంచి.

ఇంతలో ఆయన డొక్కలు ఎగిరిపడ్డాయి. వాంతి. ముక్కులోంచి తన్నుకొచ్చింది. అరుస్తూనే కత్తెర లాగాను. ఒక తీగ తెంపాను... ఇంకోటి... అన్నీ తెంపాను. దవడ తెరుచుకోలేదు.

పైక్ పరిగెత్తుకొచ్చాడు. "ఏదో ఒకటి వదిలేశావురా దద్దమ్మా!"

"నువ్వే చూసుకో!"

చూశాడు. బయట ఒక్క తీగ లేదు. ఇద్దరం వేళ్లు పెట్టి లాగాం. కదల్లేదు. ముసలాయన మొహం నల్లబడిపోతోంది. పైక్ మొదటిసారి నోరు మూసుకుని పని చేశాడు. మెడ కోసి, గొట్టం దించాడు. ఛాతీ పైకి లేచింది.

"బతికాడు," అన్నాడు. వెంటనే నా వైపు తిరిగి, "చూశావా, డాక్టరంటే ఇదీ!"

ఛీ. అప్పుడు కూడా అదే బుద్ధి.

ఆవు తన్నినప్పుడే ముసలాయన ముందుపన్ను ఒకటి ఊడిపోయింది. ఆ సందులోంచి లోపలికి టార్చి వేశాను. నాలుక వైపు... వరసగా... తళతళలాడే కొత్త తీగలు. చక్కగా తిప్పి, కొసలు వంచి వేసిన ముడులు.

"పైక్," అన్నాను. "ఇటు చూడు."

వంగి చూశాడు. "లోపలా? లోపలికి... ఎలా?"

మెడలో గొట్టం దిగాక ఊపిరి అక్కడినుంచే ఆడుతుంది. నోట్లోకి గాలి రాదు, మాట పుట్టదు. ఈ ముక్క ఆ పొట్టి కోట్ల పిల్లలకి కూడా తెలుసు.

స్టెగ్‌మన్ పెదవులు కదల్లేదు. ఆ పళ్ల సందులోంచి మెల్లగా, విసుగ్గా వినిపించింది.

"లైటు తియ్యవయ్యా."

ముసలాయన కూడా విన్నాడు. నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.