ఎవరైనా వచ్చి చూడవచ్చు

ఆదివారం ఉదయం పది గంటలకు గిద్దలూరులో రేణుక తమ ఇంటి తలుపులన్నీ తెరిచి, గేటుకు ఒక అట్ట కట్టింది. 'ఈ ఇల్లు అమ్మకానికి ఉంది. ఎవరైనా లోపలికి వచ్చి చూడవచ్చు. సాయంత్రం అయిదు వరకు' అని అట్ట మీద రాసి ఉంది.

కాసేపటికి మహేంద్ర బైక్ వచ్చి గేటు ముందు ఆగింది. అతను మార్కాపురం వాడు. అక్కడా గిద్దలూరులోనూ ఇళ్లు, స్థలాలు అమ్మిపెడతాడు. ఈ ఇంటిని రేణుక తండ్రి రంగనాయకులు వేసవిలో అతనికి అప్పగించాడు. మాటలన్నీ తండ్రితోనే జరిగాయి కాబట్టి రేణుకను అతను అంతకు ముందు చూడలేదు.

అతను అట్ట చదివాడు. ఇంకోసారి చదివాడు. విప్పుదామని ముడి మీద చెయ్యి వేశాడు.

"విప్పితే మళ్లీ మీరే కట్టాల," అంది రేణుక గుమ్మంలోంచి.

"ఇది మీరు కట్టినారా?"

"నేనే రాసి, నేనే కట్టినా. అక్షరం తప్పుంటే చెప్పండి."

"అక్షరాలు బాగున్నాయి. కట్టడమే తప్పు."

ఇలా ఇల్లు తెరిచిపెట్టి అందరికీ చూపించే ఓపెన్ హౌస్ అనేది హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్లు అమ్మేవాళ్లు చేసే పని అన్నాడు. ఇక్కడ ఇల్లు చెవిలో చెప్పి అమ్మాలి. గేటుకు అట్ట కడితే వచ్చేది కొనేవాళ్లు కాదు. వంటగదిలో డబ్బాలు చూసిపోవడానికి వీధివాళ్లు వస్తారు. అసలు కొనే పార్టీ ఆ గుంపును చూసి గేటు దగ్గరే వెనక్కి తిరుగుతుంది. అమ్మేవాళ్లకు తొందర ఉందని ఊరికి తెలిసిన రోజే ధర పడిపోతుంది.

రేణుక అంతా విన్నది. అతను చెప్పినదాంట్లో తప్పు లేదని ఆమెకూ అనిపించింది. అందుకే ఇంకా కోపం వచ్చింది.

"వేసవి నుంచి చెవిలో చెప్తానే ఉన్నారు గదా. ఎంతమంది లోపలికి వచ్చినారు?"

అతను ముడి మీద నుంచి చెయ్యి తీశాడు. ఎవరూ రాలేదు. పార్టీలు వచ్చి, వీధిలోంచి ఇల్లు చూసి, పక్కింటి అరుగు మీద కూర్చుని మంచినీళ్లు తాగి, అటునుంచి అటే పోయేవాళ్లు.

ఆ ఊళ్లో ఇల్లు కొనేవాళ్లు అమ్మేవాళ్లకంటే ముందు పక్కింటివాళ్లను అడుగుతారు. నీళ్లు వస్తాయా, వీధిపోటు ఉందా, ఇంటి మీద ఏమన్నా మాట ఉందా అని. రేణుక వాళ్ల పక్కిల్లు కొండమ్మది. ఈ ఇంటి మీద మాట ఉంది.

క్రితం ఏడాది మాఘమాసంలో ఈ ఇంటి హాల్లో రేణుక నిశ్చితార్థం మొదలైంది, పూర్తి కాలేదు. రేణుక బేస్తవారిపేట దగ్గర పల్లెల్లో గొర్రెలకు, బర్రెలకు వైద్యం చేసే ప్రభుత్వోద్యోగి. కనిగిరి నుంచి వచ్చిన పెళ్లికొడుకు తండ్రి, తాంబూలాల పళ్లెం మధ్యలో పెట్టాక, పెళ్లయ్యాక అమ్మాయి ఆ ఉద్యోగం మానుకోవాలన్నాడు. రేణుక పళ్లెం వెనక్కి నెట్టింది. అప్పటి నుంచి అది శుభకార్యం అచ్చిరాని ఇల్లు అయింది.

ఇల్లు అమ్మి, బేస్తవారిపేట దగ్గర బోరు ఉన్న రెండెకరాలు కొని, రంగనాయకులు మేపే గొర్రెలకు దొడ్డి వేసుకోవాలని తండ్రీకూతుళ్ల ఆలోచన. దసరా దాటితే ఆ పొలం వేరేవాళ్లకు పోతుంది. ధర తగ్గిస్తే ఇల్లు ఇప్పుడే పోతుందని మహేంద్ర అన్నాడు. రేణుక ఒప్పుకోలేదు. తగ్గించడమంటే ఇంట్లో దోషం ఉందని ఒప్పుకోవడం. ఆ దోషం పేరు, తను వద్దన్న మాట.

"ధర తగ్గదు. తలుపు మూయను," అంది. "పని ఉంటే పోండి. లేదంటే చెప్పులు విడిచి లోపలికి రండి. మా అమ్మ టీ పెట్టింది."

అతను చెప్పులు విడిచాడు.

మధ్యాహ్నానికి వీధి వీధంతా వచ్చింది. మహేంద్ర చెప్పినట్టే జరిగింది. గోడలు ఎవరూ చూడలేదు. హాల్లో నిలబడి రేణుకను చూశారు. ఆమె కొళాయి, మెట్లు, నాపరాళ్లు పరిచిన వరండా చూపించింది. తల్లి అంకాలమ్మ వంటగది గుమ్మానికి అడ్డంగా నిలబడింది. మహేంద్ర ఊరుకోలేకపోయాడు. ఇటు రా అక్కా అని ఒకరిని, మెట్టు చూసుకో పెద్దమ్మా అని ఒకరిని పిలుస్తూ మిద్దె మీదకు తీసుకుపోయాడు.

కొండమ్మ అందరి తర్వాత వచ్చింది. హాల్లో కుర్చీ వేసుకుని కూర్చుంది.

"ఏమ్మా రేణుకా, పళ్లెం పెట్టింది ఈడనేనా?"

హాల్లో ఉన్నవాళ్లంతా ఇటు తిరిగారు.

"ఆడ కాదు పిన్నీ. ఇంకొంచెం ఇటు, ఫ్యాను కింద," అంది రేణుక. "వాళ్లు ఉద్యోగం మానమన్నారు, నేను మాననన్నా. పళ్లేన్ని దయ్యమేమీ నెట్టలేదు. నా చేత్తో నేనే నెట్టినా. ఇంకేమన్నా అడగాలంటే నన్నే అడుగు. నీ అరుగు మీద కాదు, ఈడ."

మహేంద్రకు టీ పొలమారింది. కొండమ్మ అతని వైపు తిరిగింది.

"ఈ పిల్లోడు పొద్దుట్నుంచి అందర్నీ అక్కా, పెద్దమ్మా అని నోరారా పిలుస్తున్నాడు. రేణుకా, నిన్ను మాత్రం ఏమీ పిలవడేంది?"

ఆడవాళ్లు నవ్వారు. రేణుక అతన్ని చూసింది. అతను ఫ్యాను చూస్తున్నాడు.

"వరస తెలిస్తే పిలుస్తా గదా అత్తా," అన్నాడు.

రేణుక వంటగదిలోకి వెళ్లింది. అక్కడ ఆమెకు పనేమీ లేదు.

అయిదు గంటలకు ఇల్లు ఖాళీ అయింది. వచ్చినవాళ్లలో ఒక్కరూ ధర అడగలేదు. ముందే చెప్పినా గదా అన్నాడు మహేంద్ర. రేణుక అట్ట విప్పుతూ, పార్టీలు ఈ ఇంటి మాట ఎత్తినప్పుడు మీరేం చెప్తారని అడిగింది.

"అది పాత సంగతి లెండి, పట్టించుకోవద్దు అని చెప్తా."

"పట్టించుకోవద్దన్నారంటే పట్టించుకోడానికి ఏదో ఉన్నట్టే గదా."

"మీ మంచికే చెప్పినా."

"కొండమ్మ పిన్ని ఊసుపోక చెప్పింది. మీరు మంచికి చెప్పినారు. ఇద్దరూ చెప్పింది ఒకటే."

తండ్రి అతనికి ఇచ్చిన తాళంచెవి వెనక్కి ఇమ్మంది. అతను ఇచ్చేసి వెళ్లిపోయాడు. బైక్ మలుపు తిరిగేదాకా ఆమె గేటు దగ్గరే ఉంది. అట్ట విప్పడం అప్పటికే అయిపోయింది.

బుధవారం బేస్తవారిపేట దగ్గర ఒక పల్లెలో రేణుక గొర్రెలకు కడుపులో పురుగులు పోవడానికి నట్టల మందు తాపుతుంటే మహేంద్ర వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఆమె తలెత్తకుండా ఆ పొట్టేలును పట్టుకోమంది. చిన్నప్పుడు గొర్రెలు మేపినవాడే కాబట్టి మెడ కింద చెయ్యి వేసి ఒడుపుగా పట్టుకున్నాడు. చొక్కా మాత్రం పోయింది.

"ఒక దారి ఉంది," అన్నాడు. "మా అమ్మను, నాయనను తీసుకొస్తా. అదే హాల్లో, అదే ఫ్యాను కింద తాంబూలాలు మార్చుకుందాం. దాంతో ఊరి నోరు మూతబడుతుంది."

రేణుక పొట్టేలు మందు మింగేదాకా ఆగింది. మందు తాగిందని గుర్తుగా దాని వీపు మీద రంగు పూసింది.

"ఇది ఇల్లు అమ్మడానికా, నన్ను అడగడానికా?"

"రెండూ."

"రెండూ ఒక పళ్లెంలో పెట్టొద్దు."

"సరే. ఇల్లు పక్కన పెట్టండి. ఆదివారం నుంచి నేను పనికి పనికిరాకుండా పోయినా. స్థలం చూడ్డానికి వచ్చినోళ్లకు హద్దులు చెప్పకుండా మీ అట్ట సంగతి చెప్తున్నా."

రేణుకకు నవ్వు వచ్చింది. ఆపుకుంది. ఆదివారం నుంచి తనకూ అతని మాటలే గుర్తొస్తున్నాయని అతనికి చెప్పలేదు.

"తాంబూలాలతో ఆ ఇంటికి మంచిపేరు తెచ్చినామనుకోండి," అంది. "అంటే అంతకు ముందున్న చెడ్డపేరు నిజమనే గదా. నేను వద్దంటే చెడింది, సరేనంటే బాగుపడింది అంటారు. నాకది అక్కర్లేదు. ఆ ఇల్లు నేను వద్దన్న ఇల్లుగానే అమ్ముడుపోవాల."

"పోకపోతే?"

"పోయేదాకా ప్రతి ఆదివారం అట్ట కడతా."

"పోయినాక అడగొచ్చా?"

"ఆ పొట్టేలును వదిలేయండి. దానికి మందు తాపి చానాసేపయింది."

రెండో ఆదివారం మళ్లీ తలుపులు తెరిచారు. ఈసారి రంగనాయకులు కూడా గొర్రెలను వేరేవాళ్లకు అప్పజెప్పి ఇంట్లో ఉన్నాడు. మధ్యాహ్నం దాకా ఎవరూ రాలేదు. మహేంద్ర వచ్చాడు కానీ లోపలికి రాలేదు. గొడుగు పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. అప్పటికి వాన లేదు. ఎందుకు నిలబడ్డాడని ఎవరూ అడగలేదు.

మూడింటికి వాన మొదలైంది. వీధిలో పోతున్నవాళ్లు తెరిచి ఉన్న తలుపులు చూసి పరుగెత్తుకొచ్చారు. అరుగు తడిసిందని కొండమ్మ కూడా వచ్చింది. హాలు నిండిపోయింది. ఎవరికీ కూర్చునే చోటు లేదు, చేసే పని లేదు. పైకి చూస్తూ నిలబడ్డారు. వాన తగ్గేదాకా కప్పులోంచి ఒక్క చుక్క రాలలేదు. అది వాళ్లకు ఎవరూ చెప్పాల్సిన అవసరం రాలేదు.

మహేంద్ర గొడుగు ఎవరికో ఇచ్చేసి తడుస్తున్నాడు. రేణుక తువాలు తీసుకుని వరండా చివరికి వచ్చింది.

"తడిసింది చాలు. లోపలికి రండి."

"నాకు తాళంచెవి లేదు గదా."

"తలుపులు తీసే ఉన్నాయి గదా."

అతను కదిలేలోపు ఒకామె ఇద్దరు ఆడపిల్లలను తీసుకుని గేటు దగ్గరకు వచ్చింది. ఆమె పేరు శ్రీదేవి. రైల్వేలో ఉద్యోగం. దొనకొండ నుంచి గిద్దలూరుకు బదిలీ అయి, ఇల్లు వెతుక్కుంటోంది.

"అన్నా, ఈ ఇంటి మీద ఏదో మాట ఉందని ఆ టీ అంగట్లో చెప్పినారు. ఏంది అది?"

మహేంద్ర రేణుక వైపు చూశాడు.

"ఉందక్కా. అది నేను చెప్పేది కాదు. ఆమె ఈడనే ఉంది, అడుగు."

రేణుక ఆ జవాబు విన్నది. తువాలు అతని చేతికిచ్చి, శ్రీదేవిని లోపలికి తీసుకుపోయింది. ఫ్యాను కింద నిలబెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పింది. తగ్గించలేదు, కలపలేదు. హాల్లో అందరూ విన్నారు.

శ్రీదేవి రంగనాయకులు వైపు తిరిగింది. కూతురు అట్ల చేస్తుంటే నువ్వేమీ అనలేదా పెదనాయనా అని అడిగింది.

"నేను పక్కనే ఉన్నా తల్లీ," అన్నాడు ఆయన. "పళ్లెం నెట్టినప్పుడు అరటిపండ్లు దొర్లిపోయినాయి. ఏరి, సంచిలో వేసి వాళ్లకే ఇచ్చి పంపినా."

పిల్లలిద్దరూ మెట్లెక్కి దిగుతున్నారు. శ్రీదేవి వాళ్లను కాసేపు చూసింది.

"నాకు ఇద్దరూ ఆడపిల్లలే," అంది. "ఆడపిల్ల తనకు వద్దని చెప్తే ఆ మాట చెల్లిన ఇల్లు ఈ ఊళ్లో ఇంకోటి ఉందంటే అది కూడా చూస్తా. లేదంటే ఇదే తీసుకుంటా."

ఆమె ధర అడిగింది. రంగనాయకులు చెప్పాడు. తగ్గించమంది. ఆయన తగ్గదన్నాడు. ఆమె మిద్దె మీదకు వెళ్లి చూసి వచ్చి, సరేనంది. ఈ ఇల్లు మంచిదని తాను మొదటి నుంచీ చెబుతూనే ఉన్నానని కొండమ్మ పక్కనున్నవాళ్లతో చెప్పింది.

అందరూ వెళ్లాక అట్ట విప్పడానికి మహేంద్ర సాయం వచ్చాడు. తడిసి ముడి బిగుసుకుపోయింది.

"ఇట్ల తలుపులు తెరిచి కూర్చోవడం దండగ అన్నారు," అంది రేణుక.

"అన్నా. ఆమెను నేను తీసుకొచ్చి ఉంటే ఆ మాట చెవిన పడకుండా దాచేవాణ్ణి. అప్పుడు ఆమె కొనేది కాదు."

ఆ ఒక్క మాటకు రేణుక అతన్ని క్షమించింది. పైకి మాత్రం ముడి విప్పడం చేతకాకపోతే తప్పుకోమంది. అతను తప్పుకోలేదు. ఇద్దరి వేళ్లూ ఆ ముడి మీదే కాసేపు ఉన్నాయి.

దసరాకు ముందే రిజిస్ట్రేషన్ అయింది. మహేంద్ర కమీషన్ అడగలేదు, సాక్షి సంతకం మాత్రం పెట్టాడు. రిజిస్ట్రార్ ఆఫీసు బయట మెట్ల మీద రేణుక పక్కన నిలబడ్డాడు. రంగనాయకులు రెండు మెట్లు కింద ఉన్నాడు.

"ఇల్లు అమ్ముడుపోయింది," అన్నాడు మహేంద్ర.

"తెలుసు. సంతకం పెట్టింది మా నాయనే."

"ఇప్పుడు అడగొచ్చా?"

"అడుగు."

ఆమె అతన్ని నువ్వు అనడం అదే మొదలు. అతను గొంతు సవరించుకున్నాడు. సవరించుకుంటూనే ఉన్నాడు.

"ముందే చెప్తున్నా," అంది రేణుక. "ఉద్యోగం మానను. నాయన గొర్రెలు నా కళ్ల ముందే ఉంటాయి. మీవాళ్లకు ఇష్టం లేదంటే ఇప్పుడే చెప్పు. పళ్లెం దాకా రానియ్యొద్దు."

"మా అమ్మకు మొన్ననే చెప్పినా. ఆమె అడిగింది ఒకటే, మా మేకలకు కూడా చూస్తదా అని."

"చూస్తా. ఇంతకీ నువ్వు అడగలేదు."

"నన్ను చేసుకుంటావా రేణుకా?"

"చేసుకుంటా."

రంగనాయకులు వెనక్కి తిరగలేదు. మహేంద్ర ఇంటివాళ్లు ఏ వారం వస్తారో కనుక్కొని చెప్పమన్నాడు, వంటకు అంకాలమ్మకు తెలియాలి గదా అన్నాడు.

ఆ తర్వాతి గురువారం మహేంద్ర తల్లి విజయ, తండ్రి, అన్న నరేంద్ర మార్కాపురం నుంచి బస్సులో బేస్తవారిపేట వచ్చారు. ఆ రెండెకరాలు కొని, రంగనాయకులు కుటుంబం అక్కడ ఒక అద్దె ఇంట్లో దిగింది. తాంబూలాలు మార్చుకున్నారు. భోజనాలయ్యాక సాయంత్రం బస్సుకు వాళ్లు తిరిగి వెళ్లారు. పెళ్లి తేదీ ఇంకా పెట్టలేదు.