ఊపిరి వదలని సంచి

బయట మిట్టమధ్యాహ్నం. కణాలు పెంచే గదిలో మాత్రం ఎప్పుడూ చీకటే. మామూలు లైటు తగిలితే సెన్సార్ల రంగు వెలిసిపోతుందని అక్కడ దీపాలు వెయ్యరు. ఆ చీకట్లో ట్రేల మీద ఆరు సంచులు ఉయ్యాలల్లా మెల్లగా ఊగుతుంటాయి. ఒక్కో సంచిలో ఒక్కో రోగి రక్తంలోంచి తీసిన కణాలు. వాటికి జబ్బుతో పోట్లాడటం నేర్పి, లక్షలకు లక్షలుగా పెంచి, మళ్ళీ ఆ మనిషి ఒంట్లోకే ఎక్కిస్తారు. సంచుల మీద పేర్లుండవు, నంబర్లే.

ఏళ్ళుగా అక్కడ పనిచేస్తున్న ఆమెకు నాలుగో సంచి మాత్రం నంబరు కాదు. అది ఆమె చెల్లెలు చిట్టి.

సొంతవాళ్ళ సంచిని ముట్టుకోకూడదన్నది అక్కడి నియమం. అందుకని దాన్ని తోటి ఉద్యోగిని చూసుకునేది. నోరు విప్పితే గోడలు అదురుతాయి కాబట్టి ఆవిణ్ణి అందరూ మైకు అంటారు. అక్క మాత్రం దూరం నుంచి సెన్సార్ వెలుగు చూసి తృప్తిపడేది. సంచి లోపలివైపు చొక్కా గుండీ అంత సెన్సార్ బిళ్ళ అతికించి ఉంటుంది. కింది నుంచి నీలం కాంతి తగిలినప్పుడల్లా అది ఎర్రగా వెలుగుతుంది.

ఆస్పత్రి మంచం మీద చిట్టి ఒకసారి అడిగింది. "ఎంత వెలిగితే అంత ఆరోగ్యమా అక్కా?"

"తిక్కదానా, తిరకాసంతా అక్కడే ఉంది. ప్రాణవాయువు ఎక్కువుంటే వెలుగు తగ్గుతుంది. కణాలు పీల్చి వాడేసేకొద్దీ పెరుగుతుంది."

"అయితే నావి తిండి బాగానే తింటున్నాయా?"

"నీకంటే నయం. వంక పెట్టకుండా తింటున్నాయి."

చిట్టి నవ్వబోయి దగ్గింది. అప్పటికే ఆమె ఊపిరికి ఒక వరస వచ్చేసింది. పొడుగ్గా ఒకటి, కాసేపు ఆగి, పొట్టిగా రెండు. అక్క ఆమె చెయ్యి పట్టుకుంది. "నీ మందు నేనే తెస్తా. అందాకా ఊపిరి వదలకు. నా మీద ఒట్టు," అంది.

మందు రేపు సిద్ధమవుతుందనగా చిట్టి పోయింది.

మనిషే లేనప్పుడు కణాలెందుకు? నాశనం చెయ్యమని ఉత్తర్వు వచ్చింది. "నేను చేస్తాలే," అంది మైకు, ఆ రోజు మాత్రం గుసగుసగా. అక్క ఒప్పుకోలేదు. సూపర్‌వైజర్ తల దించుకుని, "ఇప్పుడిక నియమం ఎవరికోసంలే అమ్మా," అన్నాడు. చెల్లెలు లేదు. చెల్లెలి ఒంట్లో పుట్టిన కణాలు మాత్రం నిక్షేపంలా బతికున్నాయి. ఇలాంటి పనులు ఎవరికి అప్పగించాలో దేవుడికి బాగా తెలుసు.

అక్క ఒక్కతే లోపలికి వెళ్ళింది. గొట్టంలోంచి బ్లీచు ఎక్కించింది. "నిద్రపో తల్లీ," అంది. కాసేపటికి ఎర్ర వెలుగు సన్నగిల్లింది. పీల్చేవాళ్ళు లేక ప్రాణవాయువు సంచిలో అలాగే ఉండిపోయిందన్నమాట. అక్క గోడకు జారగిలబడి వెక్కివెక్కి ఏడ్చింది. చేతులకు గ్లవ్స్ ఉన్నాయి కాబట్టి కళ్ళు తుడుచుకోవడానికి కూడా లేదు.

తలెత్తింది.

బిళ్ళ మళ్ళీ వెలుగుతోంది.

సెన్సార్ పాడైందేమో అనుకుంది. కింద నీలం కాంతి వేసే రీడర్ మార్చి చూసింది. వెలుగు ఇంకా పెరిగింది. చచ్చిన కణాల మధ్య ఏదో గాలి పీలుస్తోంది. పొడుగ్గా ఒకసారి... ఆగింది... పొట్టిగా రెండుసార్లు...

అక్క సంచి మీదికి వంగింది.

"చిట్టీ..?"

పక్క సంచి వెలుగూ పెరిగింది. దాని పక్కది... ఆ వెనకది... ఆరూ చిట్టి ఊపిరి వరసలోనే. గాలి పంపులు అందుకోలేక కీచుమంటున్నాయి. తెర మీద ప్రాణవాయువు అంకెలు జారిపోతున్నాయి. మాస్కు లోపల ఆస్పత్రి దుప్పటి వాసన... చిట్టి తలనూనె వాసన...

"వద్దమ్మా... అవి వేరేవాళ్ళవి..."

ఆ ఐదుగురూ బతికే ఉన్నారు. ఎక్కడో మంచాల మీద, మందు ఇవాళో రేపో వస్తుందని కళ్ళల్లో ఒత్తులు వేసుకుని చూస్తున్నారు. వాళ్ళకీ అక్కలుంటారు.

వెలుగు ఆగలేదు. పాపం, చిట్టి తప్పేముంది? వదలొద్దని ఒట్టు పెట్టింది తనే. చిన్నప్పటి నుంచీ అక్క మాట జవదాటని పిల్ల. ఇక వదిలెయ్ అని ఒక్క మాట అంటే చాలు, వదిలేస్తుంది. అక్క నోరు తెరిచింది. ఆ మాట గొంతు దాటలేదు. ఎలా దాటుతుంది?

మాస్కు కిందికి లాగేసింది. నాలుగో సంచికి మొహం ఆనించింది.

"వాళ్ళది వద్దు... నాది తీసుకో..."

ఆరు బిళ్ళలూ ఒక్కసారిగా ఆరిపోయాయి. పంపుల కీచు ఆగింది. ఆ తర్వాత ఐదు సంచుల్లో ఎప్పటిలాంటి ఎరుపు మెల్లగా తిరిగొచ్చింది. అంకెలు సర్దుకున్నాయి. నాలుగోది నల్లగా ఉండిపోయింది.

బట్టలు మార్చుకునే గదిలో మైకు ఎదురొచ్చింది. "అయిపోయిందా?" అని అడిగితే అక్క తలూపింది. మైకు ఆమెను గట్టిగా కావలించుకుంది. ఎందుకో చటుక్కున వదిలేసి, రెండడుగులు వెనక్కి వేసింది. అక్క ఛాతీ లేచి పడే తీరునే చూసింది.

బెంచీ మీద అక్క ఫోను మోగింది. అమ్మ.

ఎత్తి చెవికి పెట్టుకుంది.

"ఏమ్మా, పనైపోయిందా?" అంది అమ్మ.

జవాబుగా ఫోనులోకి వెళ్ళింది అక్క ఊపిరే: పొడుగ్గా ఒకటి, కాసేపు ఆగి, పొట్టిగా రెండు. అవతల అమ్మ చెవులు రిక్కించి వింది. ఆ తర్వాత, గట్టిగా అంటే ఎక్కడ పారిపోతుందో అన్నట్టు, గొంతు బాగా తగ్గించి అడిగింది.

"చిట్టీ... మందు అందిందా తల్లీ?"