పగిలిన స్క్రీన్, ఏడు పేర్లు

ఉదయం ఏడు పది. సామల్పట్టి స్టేషన్లో ప్యాసింజర్ బండి వెళ్లిపోయాక బెంచీ మీద ఒక్క మనిషే మిగిలాడు. ఏజెంట్ మురుగన్. ఊపిరి లేదు. మెడ మీద సూది గుచ్చిన గుర్తు. ఒళ్లో ఉండాల్సిన లాప్‌టాప్ లేదు.

కబురు అందేసరికి ఏజెంట్ దర్శన్ హోసూరులో ఇడ్లీ తింటున్నాడు. మురుగన్‌తో ఆరేళ్లు కలిసి పనిచేశాడు. ఏమన్నా అనిపిస్తుందేమోనని కాసేపు చూశాడు. ఏమీ అనిపించలేదు. రెండో ప్లేటు చెప్పాడు.

"లాప్‌టాప్ విక్టర్ చేతికి చిక్కింది," ఫోన్లో చీఫ్ అమర్‌నాథ్ చెప్పాడు. "మామిడి గుజ్జు కొనే విదేశీ వ్యాపారి వేషం. కృష్ణగిరిలో మకాం."

"అందులో ఏముంది సర్?"

"సరిహద్దు అవతల మనకు పనిచేసే ఏడుగురి పేర్లు, అడ్రసులు. పెనుగులాటలో స్క్రీన్ పగిలింది. డిస్క్ ఊడదీస్తే వేరే మెషీన్లో తెరుచుకోదు. పాస్‌వర్డ్ మాత్రం వాడికి తెలుసు. బయటి స్క్రీన్ తగిలించాడంటే ఏడుగురూ పోయినట్టే. మూడో పేరు అపూర్వ."

అపూర్వ దర్శన్ భార్య. చూసి రెండేళ్లు దాటింది.

"సరే సర్," అన్నాడు దర్శన్, ఎవరో బస్సు టైము చెప్పినట్టు.

మిగతా బ్రీఫింగ్ రెండు నిమిషాల్లో అయిపోయింది. విక్టర్ దుబాసీ నమిత డబుల్ ఏజెంట్. నిజంగా ఎవరి మనిషో చీఫ్‌కే తెలియదు. విక్టర్‌ను అక్కడి కేశవప్ప కంప్యూటర్ రిపేరు షాపుకు తెస్తానని కబురు పెట్టింది. కృష్ణగిరిలో కొత్త మొహాలు కనిపిస్తే వాడు జారుకుంటాడు కాబట్టి టీమ్ హోసూరులోనే ఉంటుంది. సిగ్నల్ ఇచ్చాక నలభై అయిదు నిమిషాలు దర్శన్ వాణ్ణి ఆపాలి.

మర్నాడే కేశవప్ప షాపులో మంజునాథ్ అనే కొత్త మెకానిక్ చేరాడు. నూనె పట్టించిన తల, వేళ్ల మీద సాల్డరింగ్ మచ్చలు. షాపులోని పాత మానిటర్లు రెండూ గోడౌన్లో అట్టపెట్టెల వెనక దాచేశాడు.

మూడో రోజు పదకొండింటికి విక్టర్ వచ్చాడు. చొక్కా కింద నడుము దగ్గర ఉబ్బెత్తుగా ఉంది. వెనకే నల్లకళ్లద్దాలు, ఎర్ర హైహీల్స్‌తో నమిత.

"రాయకోట మీద వచ్చినారామ్మా?" దర్శన్ కోడ్ విసిరాడు. 'సామల్పట్టి మీద' అనాలి ఆమె.

"లేదు, హోసూరు మీద."

అయితే వాళ్ల మనిషే. దర్శన్ స్క్రూడ్రైవర్ పిడిలోని సిగ్నల్ బటన్ నొక్కాడు.

లాప్‌టాప్ పదిహేనేళ్ల నాటిది. విక్టర్ తెచ్చిన మానిటర్, దాన్ని లాప్‌టాప్‌కు కలిపే డాక్ సరికొత్తవి. డాక్ పిన్ కోలగా ఉంది. లాప్‌టాప్‌కేమో పాత వెడల్పాటి యూఎస్‌బీలే. దర్శన్ తీరిగ్గా వెతికి ఒక కన్వర్టర్ తగిలించాడు. కీబోర్డు, మౌస్ లైట్లు వెలిగాయి. మానిటర్ మాత్రం నల్లగానే ఉంది.

"ఈ పోర్టులో బొమ్మ పోదమ్మా. డ్రైవర్ సాఫ్ట్‌వేర్ ఎక్కించాల."

"ఎక్కించు," అంది నమిత.

"ఎక్కించాలంటే స్క్రీన్ కనపడాల. స్క్రీన్ కనపడాలంటే డ్రైవర్ ఎక్కించాల."

నమిత ఇంగ్లీషులో చెప్పింది. విక్టర్ దవడ బిగుసుకుంది. దర్శన్ చెప్పిందాంట్లో ఒక్క అబద్ధం లేదు. అలాగే ముప్పై అయిదు నిమిషాలు గడిపాడు.

కౌంటర్ దగ్గర కేశవప్పకు తల కొట్టేసినట్టుంది. ముప్పై ఏళ్లుగా ఆయన షాపు నుంచి ఎవరూ పని కాకుండా తిరిగి పోలేదు.

"జరుగప్పా ఈడికి," అంటూ లేచాడు. లాప్‌టాప్ తిప్పి బ్యాటరీ పీకేశాడు. "ఉబ్బిపోయింది చూడు. ఇది పెట్టుకుని పని చేస్తారా యాడైనా?" మెషీన్ను అడాప్టర్ మీదే ఆన్ చేశాడు. స్టూలెక్కి, దేవుడి పటాల పక్కన సీసీ కెమెరా బొమ్మలు చూపించే పాత మానిటర్ దించాడు. నీలం మూతి కేబుల్ లాప్‌టాప్ పక్కనున్న పోర్టులో దూర్చి రెండు మరలూ బిగించాడు.

ఆ మానిటర్ దర్శన్ లెక్కలోనే లేదు. మూడు రోజులూ అందులో వీధి కనిపిస్తుంటే దాన్ని కిటికీలా చూసి వదిలేశాడు.

"వచ్చె చూడప్పా!" అన్నాడు కేశవప్ప.

విక్టర్ ముందుకు వంగి పాస్‌వర్డ్ కొట్టాడు. ఫైల్ తెరుచుకుంది. ఏడు వరుసలు. విక్టర్ జేబులోంచి ఫోన్ తీశాడు, కెమెరా ఆన్ చేశాడు.

అడాప్టర్ తీగ దర్శన్ చేతికి జానెడు దూరంలో ఉంది. లాగితే చాలు. అతను మూడో వరుస చదివాడు. అపూర్వ. మళ్లీ చదివాడు. చెయ్యి కదల్లేదు. ఎవరి చెయ్యినో చూస్తున్నట్టు చూస్తూ ఉండిపోయాడు.

విక్టర్ వేలు ఫోన్ మీదికి దిగింది.

ఎర్ర హైహీల్ ఒకటి తీగలో చిక్కుకుంది. అడాప్టర్ ఊడింది. లాప్‌టాప్ టప్పున ఆరిపోయింది. ఫోన్లో పడింది నల్లటి మానిటర్, అందులో విక్టర్ మొహం.

వాడి చెయ్యి నడుము దగ్గరికి పోయేలోపే నమిత హ్యాండ్‌బ్యాగ్‌లోని పిస్టల్ వాడి చెవికి ఆనింది. ఏడు నిమిషాల తర్వాత టీమ్ వచ్చి సంకెళ్లు వేసింది.

"మురుగన్ జేబులోనే మీ కోడ్ జవాబు 'సామల్పట్టి' వాడికి దొరికింది. అందుకే ఆ మాట అనలేదు," అంది నమిత. కళ్లద్దాలు తీసి దర్శన్‌ను చూసింది. "తీగ నీ చేతి పక్కనే ఉండె. ఎందుకు లాగలేదు?"

దర్శన్‌కు ఇప్పుడు భయం వేసింది. స్టూలు పట్టుకుని కూర్చున్నాడు.

టీమ్, సంకెళ్లు, పిస్టల్ ఇవేవీ కేశవప్పకు పట్టలేదు. మానిటర్ తుడిచి మళ్లీ పైకెక్కించి, దర్శన్ ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"నువ్వు రేపటినుంచి రావద్దప్పా. స్క్రీన్ వచ్చినంక కూడా రాయి మాదిరి నిలబడినావు. ఈ పనికి నువ్వు పనికిరావు."

పదకొండేళ్ల సర్వీసులో ఏజెంట్ దర్శన్ మీద వచ్చిన మొట్టమొదటి కంప్లయింటు అది.